ప్రజలే వారసులైన నవాబు: మూడవ సాలార్‌జంగు

హైదరాబాదు వెళ్ళి వచ్చిన వారిని ఏమేమి చూశారని అడిగితే చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగు మ్యూజియము అని వరుసగా చెబుతారు. మన తిరువొత్తియూరు తెలుగు కుటుంబాలలో కూడా సెలవులకు ఆ ఊరు వెళ్ళి, గంట కొట్టే బొమ్మ ఎదుట పిల్లలను భుజాన ఎక్కించుకొని నిలబడిన వారు ఎందరో ఉన్నారు. అయితే ఆ వస్తువులన్నిటినీ ఒకచోట చేర్చిన మనిషి ఎవరు, ఆయన ఎట్లా చేర్చారు, ఆయన పోయిన తరువాత అవి చెల్లాచెదరు కాకుండా మన కంటికి ఎట్లా దక్కాయి అన్న సంగతి తెలిసినవారు తక్కువ. తెలుసుకోదగిన కథ గనుక ఈ ఉగాది సంచికలో చదువరుల ముందు ఉంచుతున్నాము.

ముందుగా ఒక చిక్కు విప్పాలి. సాలార్‌జంగు అన్నది పేరు కాదు, బిరుదు. నిజాము ప్రభువులు ఇచ్చిన ఆ బిరుదును ఒకే వంశంలో తాత, తండ్రి, మనుమడు ముగ్గురూ ధరించారు. ముగ్గురూ హైదరాబాదు రాజ్యానికి దివానులుగా పనిచేసినవారే. చరిత్ర పుస్తకాలలో ఎక్కువగా కనబడేది తాత. మ్యూజియము వెలసింది మనుమడి సేకరణతో. పేరు ఒకటే కావడంవల్ల చాలామంది ఇద్దరినీ ఒక్కరుగానే తలుస్తారు.

తాతగారి అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో పుట్టారు. 1853లో, 24 ఏళ్ళ ప్రాయంలో, రాజ్యం అప్పులలో మునిగి ఉండగా దివాను పదవి చేపట్టారు. అదే సంవత్సరం నిజాము బాకీ క్రింద బీరారు ప్రాంతం కుంపిణీ చేతికి పోయింది. శిస్తు వసూలును ఇజారాదారులకు వేలం వేసే పద్ధతి తీసివేసి, జీతగాళ్ళయిన ఉద్యోగులను పెట్టి, రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, కోర్టులూ బడులూ ఏర్పరచి, రైలుమార్గం వేయించి, 1883లో మరణించే వరకు 30 ఏళ్ళపాటు రాజ్యాన్ని నిలబెట్టినవారు ఆయన. 1876లో ఐరోపా యాత్రకు వెళ్ళినపుడు రోమునగరంలో బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన ఒక పాలరాతి విగ్రహం కొని తెచ్చారు. బైబిలు కథలోని రెబెకా అనే నవవధువు మేలిముసుగు వేసుకొని నిలబడి ఉన్న ప్రతిమ అది. ముసుగూ రాయే, ముఖమూ రాయే. అయినా పలుచని తడిబట్ట చాటునుంచి కన్నూ ముక్కూ కనబడుతున్నట్లే ఉంటుంది. చూచినవారు చేయి చాచి ఆ బట్టను తొలగించాలని అనుకోకమానరు. ఈనాటికీ మ్యూజియములో జనం ఎక్కువగా మూగేది ఆ విగ్రహం దగ్గరే. తాత కొన్న ఈ ఒక్క విగ్రహమే మనుమని అభిరుచికి బీజమేమో అనిపిస్తుంది.

తండ్రి మీర్ లాయక్ అలీ ఖాన్ రెండవ సాలార్‌జంగు. 1884 నుంచి 1887 వరకు దివానుగా ఉండి పదవి వదలుకున్నారు. ఆయనకు 1889 జూన్ 13న పూనాలో కుమారుడు కలిగాడు. ఆ బిడ్డ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. బిడ్డకు నెల నిండకముందే తండ్రి యౌవనంలోనే కన్నుమూశారు. ఊయలలో ఉన్న పసివాడు అంత పెద్ద జాగీరుకు యజమాని అయినాడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆ పిల్లవాని సంరక్షణ తన బాధ్యతగా తీసుకున్నారు. పిల్లవానికి వయసు వచ్చేదాకా జాగీరు వ్యవహారాలు సర్కారు పర్యవేక్షణలో నడిచాయి. తండ్రిని కంటితో చూచిన గుర్తు లేని బాలుడు, తాతగారు వదలిపోయిన పుస్తకాలు, కత్తులు, తివాసీలు, బొమ్మల నడుమ దివాన్ దేవిడీ అనే పెద్ద భవనంలో పెరిగాడు.

1911లో ఆరవ నిజాము గతించగా, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏడవ నిజాముగా గద్దె ఎక్కారు. మరుసటి ఏడు, 1912లో, మహారాజా కిషన్ పర్షాద్ స్థానంలో యూసుఫ్ అలీ ఖాన్‌ను దివానుగా నియమించారు. అప్పటికి ఆయనకు 23 ఏళ్ళు. తాతగారు దివాను అయిన వయసుకు ఒక ఏడు తక్కువే. జనం మరొక తాతగారిని చూడబోతున్నామనుకున్నారు. కాని కాలం అట్లా లేదు. తాతగారి నాటి నిజాములు పసివారో, రాజ్యభారం దివానుకు వదలినవారో. ఏడవ నిజాము అటువంటివారు కారు. అధికారం తన చేతిలోనే ఉండాలని కోరినవారు. యువ దివాను 1914 నవంబరులో పదవి వదలుకున్నారు. ఆ తరువాత 1919 వరకు నిజాము దివాను లేకుండా స్వయంగానే రాజ్యం నడిపారు.

పదవి పోయిననాటికి యూసుఫ్ అలీ ఖాన్‌కు 25 ఏళ్ళు. పెండ్లి చేసుకోలేదు, చివరివరకూ చేసుకోలేదు. చేతినిండా రాబడి ఉంది, చేయవలసిన పని లేదు. ఆ స్థితిలో ఉన్న జాగీరుదారులు ఎందరో విందులతోనూ వేటలతోనూ ఆస్తి కరిగించారు. ఈయన తక్కిన 35 ఏళ్ళ జీవితాన్నీ వస్తువులు సేకరించడానికి వినియోగించారు. తాతగారు రాజ్యాన్ని చక్కబెట్టి పేరు పొందితే, రాజకీయంలో చోటు దొరకని మనుమడు మరొక దారిలో పేరు నిలుపుకొన్నారు.

నవాబుగారికి వస్తువులంటే ప్రాణమన్న మాట నాలుగు దిక్కులా ప్రాకింది. ఎక్కడెక్కడి వర్తకులో మూటలు కట్టుకొని దేవిడీ గుమ్మం ముందు వచ్చి కూర్చునేవారు. విదేశాలలో ఆయనకు ఏజెంట్లు ఉండి, పేరున్న అంగళ్ళ జాబితాలను పంపుతూ ఉండేవారు. అంతటితో తృప్తి పడక ఆయన స్వయంగా ఐరోపా, పశ్చిమాసియా దేశాలు తిరిగి నచ్చినవి కొని పంపేవారు. కవులనూ పండితులనూ ఆదరించేవారు. అరబ్బీ, పారశీ, ఉర్దూ వ్రాతప్రతులను ప్రత్యేకంగా సేకరించారు.

ఆ సేకరణలో ఏముందని అడగడంకంటె ఏమి లేదని అడగడం సులభం. ఒక ప్రక్క చోళుల నాటి కంచు నటరాజు, మరొక ప్రక్క చైనా, జపాను పింగాణీ. రవివర్మ తైలవర్ణ చిత్రాలు, దక్కను సూక్ష్మచిత్రాలు, బీదరు పనివారి వెండి పొదిగిన పాత్రలు, కాశ్మీరు శాలువలు, పారశీక తివాసీలు. మొగలు చక్రవర్తుల కాలపు కత్తులు, నూర్జహాను వాడినదని చెప్పే జేడు రాతి బాకు, సుల్తాను ఇల్తుత్‌మిష్ పేరు చెక్కిన జేడు రాతి పుస్తకపీఠం. ఫ్రాన్సు రాజు 16వ లూయీ టిప్పు సుల్తానుకు పంపినవని చెప్పే దంతపు కుర్చీలు. యాకూతు అనే ప్రసిద్ధ లేఖకుడు వ్రాసిన ఖురాను ప్రతి ఒకటి ఉంది. దాని మీద జహంగీరు, షాజహాను, ఔరంగజేబు ముగ్గురి సంతకాలూ ఉన్నాయి.

ఒకే మ్రానులో తొలిచిన జంట ప్రతిమ మరొక వింత. ముందునుంచి చూస్తే గడ్డము ఎత్తి గర్వంగా నిలబడిన దుష్టుడు మెఫిస్టోఫెలిస్. వెనుక అద్దంలో చూస్తే తల వంచుకొన్న అమాయకురాలు మార్గరెట్టా. జర్మను మహాకవి గోథే నాటకంలోని పాత్రలు అవి. మంచీ చెడూ ఒకే కట్టెకు రెండు ప్రక్కలన్న మాట ఏ ఉపన్యాసమూ లేకుండా పిల్లలకు సైతం తెలిసిపోతుంది. ఇక గడియారం సంగతి చెప్పనే అక్కరలేదు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ దుకాణంనుంచి వచ్చిన ఆ గడియారంలో గంట గంటకూ గడ్డం బొమ్మ ఒకటి బయటకు వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. ప్రక్కన కమ్మరి బొమ్మ క్షణ క్షణమూ సుత్తితో కొడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం 12 గంటలకు దాని ముందు కాలు మోపడానికి చోటు ఉండదు.

ఇంకొక సంగతి చూడండి. పిల్లలు లేని ఈ నవాబుగారు పిల్లల ఆటవస్తువులను కూడా ఇష్టంగా కొన్నారు. బొమ్మ సైనికులు, ఆట రైళ్ళు మొదలైనవి ఈనాడు మ్యూజియములో బాలల విభాగంగా ఉన్నాయి. ఎవరి కోసం కొన్నారో తెలియని ఆ బొమ్మల చుట్టూ ఇప్పుడు వేలాది పిల్లలు తిరుగుతున్నారు.

గుణదోషాలు రెండూ చెప్పాలి గదా. ఆయన కొన్నవన్నీ ఒకే విలువ కలవి కావు. అసలు చిత్రాల ప్రక్కన నకళ్ళు ఉన్నాయి. అపురూపమైన శిల్పం ప్రక్కన కేవలం వింతకోసం కొన్న చేతికర్ర ఉంటుంది. ఒక పండితుడు ఒక శాస్త్రం ప్రకారం ఏరిన సేకరణ కాదిది. ఒక మనిషి మనసుకు నచ్చినవన్నీ చేరిన ఇల్లు. బహుశా అందువల్లనే శిల్పశాస్త్రం తెలియని సామాన్యుడు కూడా అక్కడ విసుగు లేకుండా ఒక పూట గడపగలుగుతున్నాడు.

మరి ఈ డబ్బంతా ఎక్కడిది? సాలార్‌జంగు వంశానిది నిజాము రాజ్యంలోని పెద్ద జాగీరులలో ఒకటి. నేటి కర్ణాటకలోని కొప్పళ ప్రాంతం కూడా అందులో ఉండేది. ఆ గ్రామాల రైతులు చెల్లించిన శిస్తే దేవిడీకి రాబడి. అంటే రోము పాలరాయికీ, పారశీక తివాసీకీ వెల చెల్లించినది ఒక విధంగా చెమటోడ్చి పొలం దున్నిన రైతే. కాని వాటిని చూచే భాగ్యం ఆ రైతుకు లేదు. దేవిడీ లోపలికి వెళ్ళగలిగినవారు అతిథులు, దొరలు, పండితులు, నౌకర్లు మాత్రమే. ఈ మాట మరచి నవాబుగారిని పొగడడం న్యాయం కాదు. ఆయన మరణం తరువాత జరిగిన కథకు అసలు విలువ కూడా ఈ మాటలోనే ఉంది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాదు రాజ్యం ఇండియన్ యూనియనులో కలిసింది. ఆరు నెలలు తిరగకుండా, 1949 మార్చి 2న, మూడవ సాలార్‌జంగు తన 60వ ఏట దివాన్ దేవిడీలోనే కన్నుమూశారు. అదే ఏడు ఆగస్టులో హైదరాబాదు రాజ్యంలో జాగీరులు రద్దయ్యాయి. యజమాని లేడు, సంతానం లేదు, రాబడి ఆగిపోయింది. గదుల నిండా 43,000కు పైబడిన కళావస్తువులు, సుమారు 50,000 పుస్తకాలూ వ్రాతప్రతులూ మిగిలిపోయాయి. ఆస్తికి హక్కు చెప్పుకొనే బంధువులు మాత్రం ఎందరో ఉన్నారు.

అటువంటప్పుడు సాధారణంగా జరిగేది ఏమిటో మనకు తెలియనిది కాదు. పెద్దాయన పోయిన ఇంట్లో పంపకాలు మొదలవుతాయి. పళ్ళెం ఒకరికి, గిన్నె ఒకరికి పోయి, చివరకు అంగడి పాలవుతాయి. కళాఖండాల విషయంలో ఈ నష్టం ఎటువంటిదో చెన్నపట్నంలో ఉన్న మనకు వేరే చెప్పనక్కరలేదు. ఎగ్మూరు మ్యూజియములో అమరావతి శిల్పాలు చూచి ఆనందిస్తాము. కాని ఒకే స్తూపం రాళ్ళు కొన్ని ఇక్కడ, కొన్ని లండనులో, కొన్ని అమరావతిలో ఉన్నాయి. వాటిని మళ్ళీ ఒకచోట చూడడం ఎవరి తరమూ కాలేదు. సాలార్‌జంగు సేకరణకు కూడా ఆ గతి పట్టవలసిందే. పట్టలేదు.

ప్రభుత్వం ఆస్తి నిర్వహణకు ఒక కమిటీని నియమించింది. అప్పటి హైదరాబాదు పాలనాధికారి ఎం. కె. వెల్లోడి ఈ వస్తువులను మ్యూజియముగా అమర్చాలని సంకల్పించి, ఆ పని జేమ్స్ కజిన్స్ అనే పెద్దమనిషికి అప్పగించారు. ఈ కజిన్స్ దొరను మనవాడనే అనుకోవచ్చు. ఐర్లండులో పుట్టిన కవి. 1915లో అనిబిసెంటమ్మ పిలుపు మీద భార్య మార్గరెట్‌తో చెన్నపట్నం వచ్చి, మదనపల్లె కళాశాలలో ప్రధానాచార్యులుగా పనిచేశారు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలో బస చేసి జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చినది ఆ దంపతుల అతిథిగా ఉన్నప్పుడే. మైసూరులోనూ తిరువనంతపురంలోనూ చిత్రశాలలు ఏర్పాటు చేసిన అనుభవం ఆయనకు ఉంది. 1956లో మదనపల్లెలోనే కాలధర్మం చెందారు. తెలుగునేలను తన ఇల్లుగా చేసుకొన్న ఆ పరదేశి, దేవిడీ గదులలో పేరుకొన్న వస్తువులను ఏరి, వరుస పెట్టి, చూడదగినట్లు అమర్చారు.

1951 డిసెంబరు 16న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలో మ్యూజియమును ప్రారంభించారు. సరిగ్గా నూరేళ్ళ క్రితం, 1851లో, ఎగ్మూరు మ్యూజియము పుట్టింది. దానిని కట్టినది సర్కారు. ఇక్కడ మాత్రం ఒక జాగీరుదారు ఇల్లే ప్రజలకు ద్వారాలు తెరిచింది. ఏ రైతు శిస్తుతో ఆ వస్తువులు వచ్చాయో ఆ రైతు బిడ్డ టిక్కెట్టు కొనుక్కొని దర్జాగా లోపలికి నడిచాడు.

కథ అక్కడితో ముగియలేదు. హక్కుల వ్యవహారం కోర్టులో ఉన్నది. చివరకు వారసులు రాజీకి ఒప్పుకొన్నారు. హైకోర్టు డిక్రీ ప్రకారం 1958లో సేకరణ యావత్తూ కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడింది. వాటా కోరదగినవారు పంచుకొనక సేకరణను చెదరనీయకుండా వదలిపెట్టిన ఆ రాజీని ఈనాడు ఎవరూ తలచుకోరు. నిజానికి నవాబుగారి కొనుగోళ్ళతో సమానంగా చెప్పుకోవలసిన సంగతి అది. 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. రాష్ట్ర గవర్నరు అధ్యక్షులుగా ఒక బోర్డు ఏర్పడింది.

పాత దేవిడీ అన్ని వస్తువులకూ చాలలేదు. మూసీనది దక్షిణపు గట్టున అర్ధచంద్రాకారంలో కొత్త భవనం కట్టి, 1968లో సేకరణను అక్కడికి తరలించారు. తరువాత ఇరుప్రక్కలా మరి రెండు భవనాలు లేచాయి. పశ్చిమ దేశాల వస్తువులున్న భవనానికి తాతగారు మీర్ తురాబ్ అలీ ఖాన్ పేరు, తూర్పు దేశాల వస్తువులున్న భవనానికి తండ్రిగారు మీర్ లాయక్ అలీ ఖాన్ పేరు పెట్టారు. నెల నిండని వయసులో తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డ సేకరణ ఈనాడు తాత పేరునూ తండ్రి పేరునూ ఇటూ అటూ నిలుపుకొని నడుమ నిలిచింది. దివాన్ దేవిడీ పాత భవనాలు కనుమరుగై, పేటకు పేరు మాత్రం మిగిలింది.

హైదరాబాదు వెళ్ళే మన కుటుంబాలవారికి ఒకటి రెండు మనవులు. శుక్రవారం మ్యూజియముకు సెలవు గనుక ఆ రోజు ప్రయాణం పెట్టుకోకండి. గడియారం చూచి తిరిగి రాకండి. వ్రాతప్రతులు, బీదరు పాత్రలు, దక్కను చిత్రాలు ఉన్న గదులలో జనం తక్కువ. పిల్లల చేయి పట్టుకొని అక్కడ కాసేపు నిలబడండి. ఆ బీదరు పాత్ర చేసిన కంసాలి పేరు ఎవరికీ తెలియదనీ, అతని చేతిపని మాత్రం నవాబుల పేర్ల ప్రక్కన నిలిచి ఉందనీ వారికి చెప్పండి.

మూడవ సాలార్‌జంగు గొప్పతనం కొనడంలో ఉన్నదా అంటే డబ్బున్నవారు ఎందరో కొన్నారు. ఆయన కొన్నవాటిని అమ్ముకొనక చివరిదాకా ఒకచోట ఉంచారు. ఆయన పోయిన తరువాత ప్రభుత్వమూ, ఒక ఐరిషు కవీ, వాటాలు వదలుకొన్న బంధువులూ కలిసి ఆ గుంపును చెదరనీయలేదు. దాచడం ఒకరి పని, నిలపడం పదిమంది పని.

మనం నివసించే ఈ ఊరికి కూడా ఆ నీతి కొత్తది కాదు. త్యాగరాజస్వామి తిరువొత్తియూరు వచ్చి, శిష్యుడైన వీణ కుప్పయ్యరు ఇంట ఉన్నపుడు ఇక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు తెలుగు కృతులు పాడారు. ఆ అయిదు పాటలూ ఒకరి ఇంటి పెట్టెలో ఉండిపోయి ఉంటే ఈపాటికి చెదలు తినేవి. శిష్యులు నేర్చి, మరొకరికి నేర్పి, నలుగురిలో పాడబట్టి బ్రతికి ఉన్నాయి. పాలరాయి అయినా పాట అయినా పదిమంది కంట, పదిమంది నోట పడితేనే దానికి ఆయుస్సు.

సొంత ఊరు వదలి వచ్చిన ప్రతి తెలుగు ఇంటిలోనూ ఏదో ఒకటి దాచినది ఉంటుంది. తాత చేతివ్రాత పుస్తకం కావచ్చు, అమ్మమ్మ ఇత్తడి చెంబు కావచ్చు, మన పిల్లలకు చదవడం రాక అటక ఎక్కిన భారతం కావచ్చు. ఈ కొత్త సంవత్సరం పచ్చడి తిని పంచాంగం విన్న తరువాత ఆ పెట్టె ఒకసారి తెరిచి, అందులోని దాని కథ పిల్లలకు చెప్పి, వారి చేతికి ఇవ్వండి. చదువరులందరికీ ఉగాది శుభాకాంక్షలు.